ఫోను వాడకొచ్చింది, ఆఫీసు రాలేదు
ఐటీ కారిడార్ కాల్ సెంటర్లు, ఇంటి నుంచి పని, కులం

2020 జూన్‌లో నా కాల్ ఒకటి ఆడిట్‌లో ‘ఫేటల్’ అయింది. కాల్ సెంటర్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. మనం మాట్లాడిన కాల్స్‌లోంచి నెలకు కొన్నింటిని క్వాలిటీ వాళ్ళు విని మార్కులు వేస్తారు. ఫేటల్ పడిందంటే ఆ కాల్‌కు సున్నా. కస్టమర్‌తో ఎంత మర్యాదగా మాట్లాడినా, కట్ అయిన రీఛార్జి డబ్బులు వెనక్కి ఇప్పించినా సున్నాయే. ఆ నెల ఇన్సెంటివ్ మీద ఆశ వదులుకోవాలి.

నా కాల్‌కు రాసిన కారణం ‘బ్యాక్‌గ్రౌండ్ నాయిస్’. ఆ నాయిస్ డప్పు. సూర్యాపేట దగ్గర మా ఊరి మాదిగవాడలో ఆ రోజు మా పక్కింటి తాత చనిపోయాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. శవం లేచేదాకా డప్పు ఆగదు, నా షిఫ్టూ ఆగదు. ‘ఏజెంట్ నిశ్శబ్దంగా ఉండే గదిని ఎంచుకోవాలి’ అని రిమార్కు రాశారు. మాకున్నవి రెండు గదులు. ఒక దాంట్లో నేనూ నా మానిటరూ, ఇంకో దాంట్లో అమ్మ, నాన్న, తమ్ముడు, వంట. ఎంచుకోవడానికి మూడో గది లేదు. ఊళ్ళో చావుకైనా జాతరకైనా డప్పు కొట్టే పని తరతరాలుగా మావాళ్ళ నెత్తిన పెట్టారు. ఆ డప్పే నా జీతంలోనూ కోత పెట్టింది.

టీమ్ లీడ్ ఫోన్ చేసి ఓదార్చాడు. గోడలకు దుప్పట్లు కట్టుకోమన్నాడు, కొన్నాళ్ళు టౌన్లో చుట్టాల ఇంట్లో ఉండి చూడమన్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఇల్లంటే అందులో తనకో గది ఉంటుందని, తలుపు వేసుకుంటే బయటి చప్పుడు వినిపించదని అతను నమ్మాడు. కంపెనీ నమ్మిందీ అదే. కంపెనీకి అనుమతి ఇచ్చిన ప్రభుత్వం నమ్మిందీ అదే.

ఐదేళ్ళనాటి ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పెద్ద ఎత్తున ‘వర్క్ ఫ్రం హోమ్’ తెస్తామని, అది ముఖ్యంగా మహిళలకు మేలు చేస్తుందని ప్రకటించారు. పట్టణాల్లో, మండలాల్లో కో-వర్కింగ్ స్పేసులు, ఇళ్ళకు దగ్గర్లో నైబర్‌హుడ్ వర్క్‌స్పేసులు వస్తాయన్నారు. తర్వాత గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో ఇంటింటి సర్వే కూడా చేయించారు. 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి కూడా ఈయనే. ఆ టవర్ల చుట్టూ లేచిన కాల్ సెంటర్లలో మావాళ్ళు ఎలా అడుగుపెట్టారో, 2020లో ఇళ్ళకు వెళ్ళాక ఏం పోగొట్టుకున్నారో చూడకుండా ఈ కొత్త ప్రకటనను అంచనా వేయలేం.

గేటు లోపలికి

హైదరాబాద్ ఐటీ కథను ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల కథగానే చెబుతారు. ఇంజనీరింగ్ సీటు రానివాళ్ళకు, బీకామ్, బీఏ చదివినవాళ్ళకు ఆ గేటు లోపలికి పోవడానికి ఉన్న దారి కాల్ సెంటరే. 2000 ప్రాంతంలో జీఈ, హెచ్‌ఎస్‌బీసీ లాంటి విదేశీ సంస్థలు ఇక్కడ బ్యాక్ ఆఫీసులు తెరిచాయి. ఆ తొలి ఉద్యోగాల్లోకి కాన్వెంట్ ఇంగ్లీషువాళ్ళే వెళ్ళారు. మావాళ్ళు ఎక్కువగా వచ్చింది ఆ తర్వాత, రెండు కారణాల వల్ల. ఒకటి, వైఎస్ హయాంలో ఊపందుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్. వాడల్లో డిగ్రీ చదివినవాళ్ళ సంఖ్య పెంచింది అదే. రెండోది, మొబైల్ కంపెనీలు, బ్యాంకులు, ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగాక వచ్చిన ‘తెలుగు ప్రాసెస్’. కస్టమర్ తెలుగులో మాట్లాడతాడు కాబట్టి జవాబు చెప్పేవాళ్ళూ తెలుగువాళ్ళే కావాలి. నేను 2014లో అలా చేరాను. చేతికొచ్చిన మొదటి జీతం 9,200 రూపాయలు. గచ్చిబౌలి అంజయ్యనగర్‌లో హాస్టల్, గదికి ఐదుగురం.

ఆ ఉద్యోగం ఏదో విముక్తి అని నేననను. కులం అక్కడా ఉంది. అభిజిత్ బెనర్జీ, మరియన్ బెర్ట్రాండ్, సౌగతో దత్తా, సెంథిల్ ముల్లైనాథన్ ఢిల్లీలో చేసిన ఒక అధ్యయనం 2009లో అచ్చయింది. చదువు, అనుభవం సమానంగా పెట్టి పేర్లు మాత్రం మార్చి ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఆధిపత్య కులాల పేర్లకూ మిగతా పేర్లకూ పిలుపుల్లో తేడా కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో కనిపించింది. బీసీ పేర్ల విషయంలో స్పష్టంగా, ఎస్సీ పేర్ల విషయంలో అంతకంటే కొంత తక్కువగా. పరిశోధక విద్యార్థులు చాలామంది ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే ఉదహరిస్తారు. నాకు ముఖ్యమైంది రెండోదే. కోడ్ రాసేవాడి గొంతుతో కంపెనీకి పనిలేదు. ఫోన్ ఎత్తేవాళ్ళ దగ్గర కంపెనీ కొనేదే గొంతు. ఆ గొంతు ఏ ఇంట్లో పెరిగిందో పేరును బట్టి ఊహించుకుంటారు.

లోపలికి పోయాక దీనికి ‘ఎంటీఐ’ అని పేరు. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. ఇంటర్నేషనల్ ప్రాసెస్‌లో ఇంగ్లీషు నుంచి తెలుగు యాసను కడిగేయడానికి శిక్షణ ఇస్తారు. మా తెలుగు ప్రాసెస్‌లో తెలుగుకే శిక్షణ! ‘ఏమైతాంది సార్’ అనకూడదు, ‘ఏం సమస్య ఎదుర్కొంటున్నారు’ అనాలి. ‘గట్లనే’, ‘ఇగో’ దొర్లితే మార్కులు పోతాయి. ఫోన్ చేసే కస్టమర్ మాత్రం సగం సార్లు నా భాషలోనే మాట్లాడేవాడు. తెలంగాణ వచ్చిన సంవత్సరమే నేను చేరాను. అధికార భాష మారిందని బయట పండుగ చేసుకుంటున్నారు. ట్రైనింగ్ రూములో మాత్రం కృష్ణా జిల్లా పెద్ద కులాల తెలుగే ‘న్యూట్రల్’.

అయినా ఆఫీసులో కొన్ని ఉన్నాయి. ఏసీ హాలు, అద్దాల గోడ, అందరికీ ఒకే కుర్చీ, ఒకే హెడ్‌సెట్. నా డెస్కు మీదికి వచ్చే నిశ్శబ్దం నా పక్కన కూర్చున్న కమ్మ అమ్మాయికి వచ్చేదే. రాత్రి షిఫ్టు అయితే క్యాబ్. 2013 అక్టోబర్‌లో మాదాపూర్‌లో జరిగిన అభయ ఘటన తర్వాత దాని మీద గట్టి నిఘా కూడా వచ్చింది. ఫ్లోర్ మీద నాకు ఇంకో పేరుండేది, ఇంటిపేరు లేని పేరు. కాలర్ ‘మీదే ఊరమ్మా, మీ ఇంటిపేరేంది’ అని ఆరా తీస్తే స్క్రిప్టులో ఉన్న జవాబు చెప్పి తప్పించుకునేదాన్ని. లంచ్ టేబుల్ దగ్గర ఎవరి డబ్బాలో ఏముందో, ఎవరు ఎవరితో కూర్చుంటారో అది వేరే కథ. ఎనిమిది గంటలు మాత్రం ఆ కుర్చీ నాది.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని పొగిడేవాళ్ళను అంబేద్కర్ నిలదీశారు. మనవాళ్ళకు పట్నం బాట పట్టమని ఆయన ఎందుకు చెప్పారో ఆ కుర్చీలో కూర్చుంటే కొంత అర్థమైంది.

2020 మార్చి

కాల్ సెంటర్లకు కేంద్ర టెలికాం శాఖ నిబంధనలుంటాయి. లెక్కల్లో వాటిని ‘అదర్ సర్వీస్ ప్రొవైడర్లు’ అంటారు. ఏజెంటును ఇంటి నుంచి పనిచేయించాలంటే కంపెనీ కోటి రూపాయల సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. ఆ ఇంటి చిరునామా ముందే చెప్పాలి. అక్కడికి ప్రత్యేక నెట్‌వర్క్ లైను ఉండాలి. అంత తతంగం ఎందుకని కంపెనీలు ఆ జోలికి పోలేదు. కోవిడ్ రాగానే 2020 మార్చి 13న టెలికాం శాఖ ఈ షరతులను సడలించింది. మొదట ఏప్రిల్ 30 దాకా అన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. 2020 నవంబర్ 5న కొత్త మార్గదర్శకాలతో ఇంటి నుంచి, ఎక్కడి నుంచైనా పనిచేయడం శాశ్వతంగా చట్టబద్ధమైంది. 2021 జూన్ 23న ఇంకాస్త సులభం చేశారు. కోటి డిపాజిట్ పోయింది, రిజిస్ట్రేషన్ పోయింది.

ఈ నిబంధనలను నేను పరిశోధన కోసం చాలాసార్లు చదివాను. కంపెనీకి ఏం సులువవుతుంది, కాల్ డేటా ఎక్కడ ఉండాలి, అడిగినప్పుడు ప్రభుత్వానికి ఏం చూపించాలి, అన్నీ ఉన్నాయి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఇంట్లో చోటు లేకపోతే ఏం చేయాలి అన్నవి లేవు. టెలికాం శాఖ పని అది కాదు అంటారు, నిజమే. అది ఎవరి పని అయితే ఆ కార్మిక శాఖ 2020 చివర్లో సేవారంగానికి మోడల్ స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదా తెచ్చింది. అందులో ఇంటి నుంచి పని ప్రస్తావన ఉంది. నియామక షరతులకు లోబడి, యజమాని నిర్ణయించినంత కాలం అనుమతించవచ్చు అని. ఉద్యోగికి కావాల్సిన హక్కుల గురించి అంతకుమించి లేదు.

మార్చి 25న హైదరాబాద్ హాస్టళ్ళ దగ్గర ఏం జరిగిందో చాలామందికి గుర్తుంటుంది. ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం క్యూలు కట్టాం. సాయంత్రానికి ఖాళీ చేయించొద్దని ప్రకటన వచ్చింది, అప్పటికే సగం మంది రోడ్డు మీద ఉన్నారు. మా హాస్టల్ ఆంధ్ర అమ్మాయిలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర చిక్కుకుపోయారు. నేను కంపెనీ ఇచ్చిన సీపీయూ, మానిటర్ దుప్పట్లో చుట్టుకుని సూర్యాపేట చేరాను.

ఆ రోజు ఐటీ కారిడార్ నుంచి కంప్యూటర్లు ఇళ్ళకు బయల్దేరాయి. ఏ ఇళ్ళకు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో ఉంటున్నాయి. ఇంకో 32 కుటుంబాలకు రెండు గదులు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు నూటికి 4.4, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9. పట్టణాల్లో అవి 23.4, 42. కొండాపూర్‌లో ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉన్నవాళ్ళకు వర్క్ ఫ్రం హోమ్ అంటే రెండు గంటల ట్రాఫిక్ తప్పడం. మా ఇంట్లో అది అమ్మ గిన్నెలు కడగడం ఆపేయడం, నాన్న దగ్గు వస్తే బయటికి పోవడం. నా షిఫ్టు తొమ్మిది గంటలు మా ఇల్లంతా గుసగుసలతో బతికేది.

కరెంటు పోతే లాగిన్ పోతుంది. పోయిన నిమిషాలను షిఫ్టు అయ్యాక కూర్చుని పూడ్చాలి. వ్యవసాయ లైను మీద ఉన్న వాడలో వర్షం పడిన రోజు తొమ్మిది గంటల డ్యూటీ పన్నెండు గంటలు సాగేది. జీతం తొమ్మిదికే. వారానికి 48 గంటల పరిమితి కోసం 1946లో ఫ్యాక్టరీల సవరణ బిల్లు తెచ్చింది లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబే. ఐటీ, ఐటీఈఎస్ కంపెనీలకు మన దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఏళ్ళ తరబడి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటకూడదన్న షరతుతో. ఆఫీసులో అయితే గేటు దగ్గర కార్డు గీకిన లెక్క ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒకే లెక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ చెప్పే లాగిన్ అవర్స్. కరెంటు కోసం ఎదురుచూసిన గంట అందులో పని కాదు.

నాలుగు గోడల మధ్య

2020 నవంబర్ 5 అన్న తేదీ నాకు ఇంకో కారణంగా గుర్తు. టెలికాం శాఖ ఇంటి నుంచి పనిని చట్టబద్ధం చేసిన ఆ రోజే సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో తీర్పు చెప్పింది. బయటివాళ్ళెవరూ లేని చోట, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన కులదూషణ ‘ప్రజల దృష్టికి వచ్చే స్థలం’లో జరిగినట్టు కాదనీ, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని ఆ సెక్షన్ వర్తించదనీ తీర్పు సారాంశం. 2025 జనవరి 31న కరుప్పుడయార్ కేసులోనూ అదే కోర్టు, ఒక ప్రభుత్వ ఆఫీసు గదిలో జరిగిన ఘటన విషయంలో, అదే తర్కంతో నడిచింది.

రెండూ కాకతాళీయంగా ఒకే రోజు వచ్చాయి, కుట్రేమీ లేదు. మా మీద పడిన ఫలితం మాత్రం ఒకటే. ఫ్లోర్ మీద టీమ్ లీడ్ నోరు జారితే చుట్టూ నలభై మంది ఉంటారు. ఇంట్లో నా హెడ్‌సెట్లో తిడితే విన్నది నేనొక్కదాన్నే. కాలర్ కులం పేరుతో తిట్టినా కాల్ కట్ చేసే హక్కు ఏజెంటుకు ఉండదు. ముందు రెండుసార్లు హెచ్చరించాలి, తర్వాత సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి, అన్నీ స్క్రిప్టు ప్రకారం. ఆ రికార్డింగ్ కంపెనీ సర్వర్లో ఉంటుంది, నా దగ్గర ఉండదు. ఫోన్‌లో తిట్టిన తిట్టు ‘ప్రజల దృష్టి’లోకి వస్తుందా రాదా అని వాదించాలంటే ముందు ఆ రికార్డింగ్ మన చేతికి రావాలి. పని చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లోనే నివాస గృహాన్ని కూడా పని స్థలం నిర్వచనంలో చేర్చింది. కులదూషణ విషయంలో చట్టం ఆ అడుగు వేయలేదు.

నిఘా మాత్రం ఆలస్యం లేకుండా ఇంట్లోకి వచ్చేసింది. 2021 ఆగస్టులో అమెరికా వార్తా సంస్థ ఎన్‌బీసీ ఒక కథనం వేసింది. కొలంబియాలో టెలిపర్ఫార్మెన్స్ అనే బహుళజాతి కాల్ సెంటర్ కంపెనీ, ఇళ్ళలో కెమెరాలు పెట్టడానికి ఒప్పుకుంటూ సంతకం చేయమని ఉద్యోగులను అడిగిందని. నా విషయంలో వీడియో కాల్‌లో ‘వర్క్‌స్టేషన్ ఆడిట్’ చేశారు. వెనక గోడ చూపించు, తలుపు చూపించు అన్నారు. గోడ మీద బాబాసాహెబ్ ఫోటో ఉంది. ఆ నెలంతా ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత టీమ్ వాట్సాప్ గ్రూపులో రిజర్వేషన్ల మీద జోకులు పడ్డప్పుడల్లా ఒకరిద్దరు ‘సారీ’ అంటూ నా పేరు ట్యాగ్ చేయడం మొదలైంది. ఆరేళ్ళు ఆఫీసులో దాచుకోగలిగింది ఇంటి గోడ ఒక్క నిమిషంలో చెప్పేసింది.

ఇంటి నుంచి పని అసలే వద్దని నా వాదన కాదు. మా పిన్ని కూతురికి నెలల పసిపాప. ఇంట్లో కూర్చుని చేసే ఆ పని లేకపోతే దానికి సొంత బ్యాంకు ఖాతా లేదు, మొగుడి దగ్గర మాట లేదు. హాస్టల్ అద్దె మిగిలితే ఆ డబ్బు తమ్ముడి కోచింగ్‌కు పోతుంది. ఇంటి ఓనరు ‘మీరేవిట్లు’ అని అడిగే బాధా తప్పుతుంది. ఇవన్నీ నిజమే. పని ఇంటికి రావడం దానంతట అది తప్పు కాదు. ఇంటిని పని చోటుగా మార్చే ఖర్చు ఎవరి మీద పడింది, దాని మీద తగాదా వస్తే ఎవరు తేలుస్తారు అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు మనకు కొత్త కూడా కాదు.

బీడీల చేట, హెడ్‌సెట్

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ ఊరికి పోయినా అరుగుల మీద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. బీసీలు, దళితులు, ముస్లింలు. తునికాకు, పొగాకు కార్ఖానావాళ్ళు ఇస్తారు, పని ఇంట్లో జరుగుతుంది. సాయంత్రం లెక్క ఒప్పజెప్పేటప్పుడు బాగాలేవని కొన్ని కట్టలు తీసేస్తారు. తీసేసిన వాటికి కూలి ఉండదు, ఆకు మాత్రం లెక్కలోకి వస్తుంది. పరిశోధన కోసం అటు వెళ్ళి ఒక మధ్యాహ్నం ఆ లెక్క చూస్తూ కూర్చున్నప్పుడు నాకు మా క్వాలిటీ ఆడిట్ గుర్తొచ్చింది. ఫేటల్ అంటే ఇదే కదా.

తేడా ఎక్కడంటే బీడీ కార్మికులకు చట్టం ఉంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో పనిచేసే మనిషిని కార్మికురాలిగా గుర్తించింది. ముడిసరుకు ఇవ్వడం మీద, బీడీలను తిరస్కరించడం మీద, తిరస్కరించిన వాటి కూలి మీద తగాదా వస్తే త్వరగా తేల్చడానికి ఒక అధికారి ఉండాలని ఆ చట్టం 39వ సెక్షన్‌లోనే రాశారు. ఇంట్లో చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారు, పీఎఫ్ కట్టం అని యజమానులు కోర్టుకెక్కారు. 1985లో పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. చేసిన సరుకును తిరస్కరించే అధికారం యజమానికి ఉందంటే పని మీద అజమాయిషీ ఉన్నట్టే, కాబట్టి ఇంట్లో చేసినా వాళ్ళు ఉద్యోగులే అంది. ఇది చదువురాని ఆడవాళ్ళు, వాళ్ళ యూనియన్లు కొట్లాడి సాధించుకున్న స్థితి. దాని అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి. కనీసం కాగితం మీద ఉంది.

డిగ్రీ చదివి, ఏసీ హాల్లో ఆరేళ్ళు కూర్చుని వచ్చిన నాకు ఆ కాగితం కూడా లేదు. నా ఫేటల్ మీద అప్పీలు చేసుకుంటే దాన్ని విన్నది ఫేటల్ వేసిన డిపార్ట్‌మెంటే. ఇప్పుడైతే ఆ 1966 చట్టాన్ని కూడా వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. ఇంట్లో చేసే పని మీద 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 177వ ఒప్పందాన్ని భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు.

కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్ళకు పీఎఫ్ అయినా ఉంటుంది. 2021 తర్వాత ఇంకో పొర మొదలైంది. మధ్యలో ఒక వెండర్, కాల్‌కు ఇంత అని రేటు, ఫోన్ మీది, నెట్ మీది, ‘ఫ్రీలాన్స్ టెలికాలర్’ అని పేరు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, వాట్సాప్ మెసేజ్ ఉంటుంది. వర్క్ ఫ్రం హోమ్ ఆశ చూపి రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే మోసగాళ్ళు తిరిగేది కూడా ఈ గుంపులోనే. బీడీ కార్ఖానా యజమాని కోర్టులో ఓడిపోయిన వాదననే వెండర్ యాప్‌లో పెట్టి గెలుస్తున్నాడు. ఇక యాసను అప్పటికప్పుడు యంత్రమే మార్చేస్తోంది. టెలిపర్ఫార్మెన్స్ తన భారతీయ ఏజెంట్ల ఇంగ్లీషు యాసను అవతలివాళ్ళకు వేరేగా వినిపించే ఏఐ సాఫ్ట్‌వేర్‌ను వాడుతోందని 2025లో వార్తలొచ్చాయి. గొంతునే మార్చగలిగిన యంత్రం వెనకాల వినిపించే డప్పును వడగట్టలేదా? వడగడుతుంది. అలాంటి హెడ్‌సెట్లు అప్పుడూ ఉన్నాయి. నాకిచ్చింది మామూలు హెడ్‌సెట్.

వర్క్‌స్పేస్ ఎక్కడ కడతారు?

కాబట్టి ఆంధ్రప్రదేశ్ చెబుతున్న నైబర్‌హుడ్ వర్క్‌స్పేస్ ఆలోచనను నేను కొట్టిపారేయను. చోటు లేనివాళ్ళకు చోటు ఇవ్వడమే అసలు అవసరం. అయితే అది ఊళ్ళో ఎక్కడ వస్తుంది? పంచాయతీ ఆఫీసు పక్కనా, రామాలయం వీధిలోనా, వాడలోనా? అమెరికా టైముకు నడిచే ప్రాసెస్ అయితే రాత్రి రెండు గంటలకు మాల, మాదిగ అమ్మాయి ఊరి నడిబొడ్డుకు నడిచిపోవాలా? సైబరాబాద్‌లో క్యాబ్ ఉంది, ఎస్కార్టు ఉన్నాడు. ఊళ్ళో ఎవరున్నారు? సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ ఇరవై ఏళ్ళ కింద పశ్చిమగోదావరి పల్లెల్లో ‘గ్రామ్‌ఐటీ’ పేరుతో బీపీఓలు తెరిచింది. పల్లెకు పని వెళ్ళగలదని అది చూపించింది. ఆ పల్లెలోని ఏ వీధికి వెళ్ళిందని మాత్రం ఎవరూ లెక్క తీయలేదు.

దాదాపు ప్రతి ఎస్సీ కాలనీలో అంబేద్కర్ భవనమో కమ్యూనిటీ హాలో ఉంటుంది. చాలాచోట్ల ఏప్రిల్ 14కు సున్నం వేసి, డిసెంబర్ 6కు దండ వేసి, మిగతా ఏడాది తాళం వేస్తారు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. తెలంగాణలో 2017 నుంచి దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధులను రోడ్లకూ ఫ్లైఓవర్లకూ మళ్ళించారని మనం ప్రతి బడ్జెట్‌కూ గొడవ చేస్తాం. వాడలోని హాలుకు ఫైబర్ లైను, ఇన్వర్టర్, చప్పుడు రాని పది క్యాబిన్లు, ఒక బాత్రూమ్ అడిగితే అది ఆ చట్టం ఉద్దేశంలోకి నేరుగా వస్తుంది. లైబ్రరీగానూ వాడుకోవచ్చు. తెలంగాణ కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. ఐటీ, ఐటీఈఎస్ ఉద్యోగుల్లో మనం ఎంతమందిమి, అందులో ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళు ఎంతమంది అన్నది కూడా ప్రభుత్వం బయటపెట్టాలి. ప్రోత్సాహకాలు తీసుకునే కంపెనీలనైనా ఈ లెక్క ఇవ్వమని షరతు పెట్టడానికి ప్రైవేటు రిజర్వేషన్ చట్టం దాకా ఆగక్కర్లేదు.

కార్మిక సంఘాల మిత్రులకు ఒక మాట. బ్యాక్‌గ్రౌండ్ నాయిస్‌ను ఫేటల్ జాబితాలోంచి తీసేయించడం చిన్న డిమాండ్‌లా కనిపిస్తుంది. మా జీతంలో అది చిన్నది కాదు. దానితో పాటు నెట్, కరెంటు భత్యం, కరెంటు పోయిన సమయాన్ని పనిగంటల్లో లెక్కించడం, వీడియో ఆడిట్‌కు హద్దు, తిట్టిన కాల్ రికార్డింగ్ ఏజెంటుకు ఇవ్వడం. వీటన్నిటి మీద తీర్పు చెప్పడానికి, బీడీలకు ఉన్నట్టు, కంపెనీ బయటి మనిషి ఒకరు.

ఇది చదువుతున్న విద్యార్థుల్లో చాలామంది చెల్లెళ్ళు, అక్కలు ఈ పూట ఏదో ఒక లాగిన్‌లో ఉండి ఉంటారు. కొత్త కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. అడిగి తీసుకోండి. పని చోటు అని రాసిన దగ్గర ఏముందో చూడండి. హైదరాబాద్ ఆఫీసా, మీ ఇంటి చిరునామానా, అసలేమీ రాయలేదా? ఇంట్లో వస్తువులకూ నెట్‌కూ మీదే పూచీ అన్న వాక్యం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చూడండి. ఫేటల్ పడిన ప్రతిసారీ తేదీ, కారణం ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. నేను రాసుకోలేదు. ఇప్పుడు థీసిస్ కోసం వెతుక్కుంటే నా దగ్గరున్నది ఆ ఒక్క జూన్ నెల రిమార్కు స్క్రీన్‌షాట్ మాత్రమే.